సూది మొనను ఫోటో తీయబోతే తలప్రాణం తోకకొచ్చింది, మీరెలా తీస్తున్నారు?

దారపుఉండ:
పాత 50 ఎంఎం లెన్సుకి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (ఇంకా దగ్గరగా ఫోకస్ అయ్యేలా కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) తగిలించి ఇంట్లో కనబడిన వస్తువునల్లా తీస్తున్నాను. చొక్కా గుండీ బాగా వచ్చింది. టూత్‌బ్రష్ పర్లేదు. సూది దగ్గరే ఆగిపోయాను. మూడు రోజులు, రెండొందల ఫోటోలు, ఒక్కటీ పనికిరాలేదు. మొన తేటగా వస్తే సూది బెజ్జం మసక, బెజ్జం బాగుంటే మొన మాయం. అపర్చర్ (లెన్సులో వెలుగొచ్చే కంత) ఎఫ్/22కి తెచ్చాను, అంకె పెరిగితే కంత సన్నమవుతుంది కదా. కాస్త నయం గానీ ఫోటో అంతా మెత్తబడిపోయింది, నూనె చెయ్యి తగిలిన అద్దంలోంచి చూస్తున్నట్టుంది. లెన్స్ పోయిందంటారా?

మసకమాస్టర్:
లెన్స్‌కేమీ కాలేదండీ. సెన్సార్ మీద పడే బొమ్మ అసలు వస్తువంత సైజులో ఉంటే దాన్ని 1:1 అంటాం కదా. ఆ దగ్గరలో మీరు పెట్టిన అపర్చర్ అంకె రెట్టింపైనట్టు పనిచేస్తుంది. అంటే మీ ఎఫ్/22 దాదాపు ఎఫ్/44. అంత సన్నటి కంతలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది, ఆ మెత్తదనం అందుకే. పోనీ ఎఫ్/8 పెడదామా అంటే, పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఫోకస్‌లో ఉండే మందం సుమారు ఒక మిల్లీమీటరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.
సూదిని కెమెరాకి అడ్డంగా పడుకోబెడితే గొడవే లేదుగా?

దారపుఉండ:
అడ్డంగా పెడితే అది సూదిలానే ఉంటుందండీ. మొన చూసేవాడి కంట్లోకి దూసుకొస్తున్నట్టు ఉండాలని నా ఆశ.

పొరమీదపొర:
అలాగైతే స్టాకింగ్ తప్పదు. ఎఫ్/5.6 పెట్టి, మొన నుంచి మొదలెట్టి కెమెరాని అర మిల్లీమీటర్ చొప్పున ముందుకు జరుపుతూ తీయండి. మూడు సెంటీమీటర్ల లోతుకి అరవై ఫోటోలవుతాయి. హెలికాన్ ఫోకస్‌లోనో జెరీన్ స్టాకర్‌లోనో వేస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కోదాంట్లో తేటగా ఉన్న భాగం తీసుకుని ఒకే ఫోటోగా కలిపేస్తుంది. చేత్తో జరపొద్దు, స్క్రూ తిప్పితే జరిగే ఫోకస్ రెయిల్ కొనుక్కోండి. లెన్సుల కంటే ముందు దాని మీద ఖర్చుపెట్టాల్సిందని నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది.

ఒక్కక్లిక్కు:
అరవై ఫోటోలు అతికిస్తే అది ఫోటో ఎలా అవుతుందో నాకర్థం కాదు. మసక కూడా అందమే. మొన ఒక్కటే తేటగా ఉంచి మిగతాది వదిలేయండి, చూసేవాడే ఊహించుకుంటాడు. నేను పాత 28 ఎంఎం లెన్స్‌ని రివర్స్ రింగుతో తిరగేసి బిగించి తీస్తాను. 50 తిరగేస్తే 1:1 దరిదాపుల్లో ఆగుతుంది, 28 అయితే దానికి రెట్టింపు పైమాటే. ఒక ఇబ్బంది ఉంది: తిరగేశాక లెన్స్ వెనక అద్దం బయటికొస్తుంది. వస్తువుకి తగిలిందంటే అంతే. వెల్క్రో పట్టీ తీస్తూ ఆ పని నేను చేశాను, గీత ఇప్పటికీ ఉంది. అన్నట్టు ఆ పట్టీ కొక్కేల్ని దగ్గరగా చూశారా? సగానికి తెగిన ఉంగరాలు వరసగా నిలబెట్టినట్టుంటాయి.

పొరమీదపొర:
మసక అందమే గురూ, కాదన్నదెవరు? ఆయన అడిగింది మొనా బెజ్జమూ రెండూ కనబడాలని.

జేబులోకెమెరా:
ఫోన్‌తో తీసేవాళ్లెవరూ లేరా ఇక్కడ? 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో నుంచి కొన్ని ఫోన్లు 2 సెంటీమీటర్ల దగ్గరికెళ్లినా ఫోకస్ అవుతున్నాయి. నా బాధల్లా నీడ. అంత దగ్గరికెళితే ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది. పక్క నుంచి లైటు, అవతలివైపు తెల్ల కాగితం పెట్టుకుంటున్నాను. ఇక చవక ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో (దగ్గరి ఫోటోల) కెమెరా సంగతి అడక్కండి, డబ్బా మీద రాసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.
డబ్బు ఖర్చు లేని ఆట ఒకటి చెప్తాను. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని ముందు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేల్ ఉంచండి. కెమెరాకి పోలరైజర్ ఫిల్టర్ (ఒకే దిక్కులో కంపించే వెలుగునే పోనిచ్చే అద్దం) గానీ, పోలరైజ్డ్ చలవ కళ్లద్దం గానీ అడ్డుపెట్టి, స్క్రీన్ నల్లబడేదాకా తిప్పండి. స్కేల్‌లో ఇంద్రధనుస్సు రంగులు పూస్తాయి. ప్లాస్టిక్‌ని అచ్చు పోసినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడే అలా రంగులై కనబడుతుంది. మూలల దగ్గర, కన్నం చుట్టూ రంగులు మరీ చిక్కగా ఉంటాయి.

మసకమాస్టర్:
దుమ్ము గురించి ఎవరూ అనలేదేం? కడిగి తుడిచిన చెంచా కూడా ఈ దగ్గరలో బూజుగదిలా కనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ పోగులు అంటుకుంటాయి. గాలి కొట్టే రబ్బరు బుడ్డి వాడండి. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. స్టాకింగ్‌కి ముందే శుభ్రం చేసుకోకపోతే తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో నలుసూ ఏరుకోవాలి.
ఇంకో మాట. 1665లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్, సూక్ష్మదర్శినిలో చూసినవాటి మీద రాసిన తన పుస్తకం ‘మైక్రోగ్రాఫియా’ని మొదలుపెట్టింది కూడా సూది మొనతోనే. ఆ తర్వాత మంగలికత్తి అంచు, ఆ తర్వాత నారబట్ట. అన్నీ ఇంట్లో వస్తువులే. మొనలు మొనల్లా లేవని ఆయనప్పుడే చూశాడు.

దారపుఉండ:
వారం తర్వాత వచ్చాను. రెయిల్ కొన్నాను, అరవై నాలుగు ఫోటోలు తీశాను, కలిపాను. సూదికి రెండు మొనలొచ్చాయి! పాము నాలుకలా చీలి ఉంది. సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూస్తే, ప్రతి దాంట్లోనూ సూది వెంట్రుకవాసి కిందికి వాలుతోంది. మెత్తటి జిగురుముద్దలో గుచ్చాను, అది మెల్లగా సాగిపోతోందన్నమాట.

పొరమీదపొర:
హహ, అందరం ఆ ముద్దతోనే మోసపోయాం. గట్టి రబ్బరులో గుచ్చండి. టైమర్ రెండు సెకన్లు కాకుండా పది పెట్టండి, ఫ్యాను ఆపండి, ఫోటో పడేదాకా గదిలో నడవకండి.

దారపుఉండ:
పెన్సిల్ రబ్బరులో గుచ్చి, ఫ్లాష్‌కి ట్రేసింగ్ పేపర్ కట్టి, రాత్రి అందరూ పడుకున్నాక తీశాను. వచ్చిందండీ! మొన మొద్దుగా, చెక్కేసిన కొమ్మ చివరలా ఉంది. ఒంటి నిండా నిలువు గీతలు. బెజ్జంలో ఎప్పటిదో నీలం దారం పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. మామూలు కంటికి అది లేనే లేదు. దాన్ని తీసేసి మళ్లీ తీద్దామని ముందు అనుకున్నాను, వదిలేశాను.

ఒక్కక్లిక్కు:
ఆ పోగు వల్లే ఫోటో బాగుండి ఉంటుంది. పెట్టండి మరి, చూద్దాం.