పాత కారును తుక్కుకు ఇస్తే ప్రోత్సాహకం: ప్రజాధనానికి తగిన ఫలితం దక్కుతోందా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

సభ్యులందరికీ నమస్కారం. 2006 ఫిబ్రవరిలో రిజిస్టరైన మారుతి 800 కారు మా ఇంట్లో ఉంది. ఆదివారం మార్కెట్‌కూ, నెలకొకసారి తెనాలిలో ఉన్న మా అక్కయ్య గారింటికీ తప్ప దాన్ని బయటకు తీయను కనుక ఏడాదికి 2,000 కిలోమీటర్లు కూడా తిరగదు. పదిహేనేళ్లు నిండినప్పుడు, 2021లో, రూ. 600 రుసుము కట్టి అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. ఇప్పుడు మళ్లీ ఆ సమయం వచ్చింది. అయితే ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ. 10,000 చేసింది. తుక్కుకు ఇస్తే కొత్త కారు పన్నులో రాయితీ ఉందంటున్నారు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రం వారు బరువు లెక్కన 18 వేలు చెప్పారు. మా వీధి చివరి బ్రోకరు మాత్రం 40 వేలు ఇచ్చి ఈ రోజే తోలుకుపోతానంటున్నాడు.

నా సొంత లెక్క ఎలాగోలా తేల్చుకుంటాను. తెలుసుకోవాలనుకుంటున్నది వేరు. నడుస్తున్న బండిని నలగ్గొట్టడానికి ప్రభుత్వం తన ఆదాయాన్ని వదులుకోవడం సబబేనా? గాలి బాగుపడుతుందన్నది నిజమేనా, లేక ఇదంతా కార్ల కంపెనీల అమ్మకాలు పెంచడానికేనా?

జవాబు (హైదరాబాద్ నుంచి, పన్నుల లెక్కలు చూసే వృత్తి)

మాస్టారూ, ముందుగా పథకం స్వరూపం చెబుతాను. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించి, అదే ఏడాది ఆగస్టు 13న ప్రారంభించిన ఈ విధానంలో కేంద్రం తన ఖజానా నుంచి వాహన యజమాని చేతికి నేరుగా ఇచ్చే సొమ్ము లేదు. సొంత వాహనమైతే కొత్తదాని పన్నులో 25 శాతం వరకు, రవాణా వాహనమైతే 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ ‘వరకు’ అన్న మాటను గమనించండి. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టం, వదులుకునేదీ రాష్ట్రాల ఆదాయమే. దీనికి తోడు కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు, కంపెనీలు తమంతట తాము ఇచ్చే కొద్దిపాటి తగ్గింపు ఉంటాయి.

మీ 18 వేలు, 40 వేల మధ్యనే అసలు చిక్కంతా ఉంది. నడిచే బండికి బజారులో తుక్కు ధర కన్నా ఎక్కువ పలుకుతున్నంత కాలం దాన్ని తుక్కు కేంద్రానికి ఎవరూ తీసుకెళ్లరు. అక్కడికి చేరేవి ఇంటి ముందు టైర్లు దిగబడి, ఏడాదికి పైగా కదలని బండ్లే. కదలని బండి పొగ వదలదు కనుక దానికిచ్చిన రాయితీతో గాలికి ఒరిగేదేమీ ఉండదు. అలాగని మీరు 40 వేలకు అమ్మేస్తే ఆ కారు మరో ఊళ్లో, మీ కన్నా ఎక్కువ తిప్పే మనిషి చేతికి చేరుతుంది. అప్పుడు పొగ తగ్గకపోగా పెరుగుతుంది కూడా.

ఒక హెచ్చరిక. బ్రోకరుకు ఇచ్చే పక్షంలో ఆర్సీ మార్పిడి పూర్తయ్యేదాకా వదలకండి. గుర్తింపు ఉన్న కేంద్రమైతే ఛాసిస్ నంబరును రికార్డుల్లో శాశ్వతంగా రద్దు చేయిస్తుంది. లేకపోతే మీ నంబరు ఏ దొంగ బండికి అతుక్కుంటుందో చెప్పలేం.

జవాబు (అమెరికాలోని ఒహాయో నుంచి)

ఇక్కడ 2009 వేసవిలో జరిగింది మీ రెండో ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. మాంద్యంలో కూరుకున్న కార్ల పరిశ్రమను లేవనెత్తడం, పెట్రోలు ఎక్కువ తాగే బండ్లను తప్పించడం అనే రెండు లక్ష్యాలతో అప్పటి ప్రభుత్వం పాత కారు తెచ్చినవారికి 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చింది. గ్యాలనుకు 18 మైళ్లకు మించి ఇవ్వని బండే అర్హం. మొదట కేటాయించిన 100 కోట్ల డాలర్లు రోజుల్లోనే ఖర్చయిపోతే మరో 200 కోట్లు జోడించారు; ఆగస్టు 24న ముగిసేసరికి దాదాపు 6.8 లక్షల కార్లు వచ్చాయి. మా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కూడా అందులోదే. డీలరు ఇంజనులోని ఆయిల్ తీసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అది బిగుసుకుపోయేదాకా నడిపించాడు. మంచి ఇంజను అలా మూలుగుతూ ఆగిపోవడం చూస్తే మనసు చివుక్కుమంది, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఫలితం మాటకొస్తే, అతీఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తల పరిశీలన ప్రకారం ఆ రెండు నెలల్లో అదనంగా సుమారు 3.7 లక్షల కార్లు అమ్ముడయ్యాయి. కానీ 2010 మార్చి నాటికి అమ్మకాలు దాదాపు అంతే మేర తగ్గాయి. అంటే కొనబోయేవారు కొన్ని నెలలు ముందుగా కొన్నారన్నమాట. ఇంకో పరిశోధనలో తేలినది మరీ విచిత్రం. కొత్త కారు మైలేజీపై పెట్టిన షరతు వల్ల జనం చిన్న, చవక కార్లు కొనడంతో కొత్త కార్లపై పెట్టిన మొత్తం ఖర్చు తగ్గింది. నేనూ అంతే, పెద్ద బండి ఇచ్చి కరోలా తెచ్చుకున్నాను. పర్యావరణం వైపు నుంచి చూస్తే అది మంచిదే. పరిశ్రమను ఆదుకోవాలన్న లక్ష్యానికి మాత్రం అదే గండి కొట్టింది.

అదే ఏడాది జర్మనీ తొమ్మిదేళ్లు దాటిన కారుకు 2,500 యూరోలు ఇచ్చి 20 లక్షల దాకా కార్లను రద్దు చేసింది. తుక్కు కావలసిన కార్లు కొన్ని దొంగచాటుగా ఆఫ్రికా దేశాలకు తరలిపోవడం అక్కడ పెద్ద వివాదమైంది. ఇంజనును అక్కడికక్కడే చంపిన మా పద్ధతి మొరటుదే అయినా, ఆ మోసానికి చోటివ్వలేదు.

జవాబు (విజయవాడ ఆటోనగర్ నుంచి, లారీ మెకానిక్)

నాకు ఇందులో స్వార్థం ఉందని ముందే చెబుతున్నాను. పాత బండ్లూ పాత స్పేర్ పార్టులూ లేకపోతే మా షెడ్డుకు పని ఉండదు. అయినా ఉన్న మాట రాస్తాను.

గుంటూరు గారి కారు గురించి ఇంత చర్చ అక్కర్లేదు. ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరిగే చిన్న పెట్రోలు కారు ఎక్కడ, నెలకే 8,000 కిలోమీటర్లు తిరిగే డీజిల్ లారీ ఎక్కడ? బీఎస్-2 (‘భారత్ స్టేజ్’ అనే పొగ ప్రమాణాల్లో పాత మెట్టు) నాటి లారీ ఇంజను కిలోవాట్-గంటకు 0.15 గ్రాముల మసి దాకా వదలవచ్చు. బీఎస్-6 పరిమితి 0.01 గ్రాము. పదిహేను రెట్ల తేడా, అది కూడా ఇంజను కొత్తగా ఉన్నప్పటి లెక్క. పంపు అరిగి, ఇంజెక్టర్లు కారుతున్న బండి ఆ కాగితపు లెక్కకు ఎంత దూరంలో ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను. కనుక వయసు ఒక్కటే కొలత కాకూడదు. తిరిగిన దూరం, ఇంధనం, పరీక్షలో వచ్చిన పొగ, ఈ మూడూ చూడాలి. ఢిల్లీలో వయసునే గీటురాయిగా పెట్టుకుని 2025 జులై 1 నుంచి పాత బండ్లకు పెట్రోలు, డీజిల్ పోయవద్దన్నారు. జనం గొడవతో కొద్ది రోజులకే ఆ ఆంక్షను ఆపవలసి వచ్చింది.

ఇక ఈ పథకంలో పెద్ద లోపం నాకు ఒకటి కనిపిస్తుంది. రాయితీ కొత్త బండి కొంటేనే వస్తుంది. ఇరవయ్యేళ్ల లారీని సొంతంగా నడుపుకునే డ్రైవరు పన్నులో 15 శాతం తగ్గినంత మాత్రాన కొత్త లారీ కొనలేడు. వాయిదాలు కట్టడానికే అతని సంపాదన చాలదు. అతను కొనగలిగినది అయిదారేళ్లు నడిచిన బండి. అటువంటి సెకండ్ హ్యాండ్ బీఎస్-6 బండికి మారినా గాలికి దాదాపు అంతే మేలు జరుగుతుంది, కానీ అతనికి పైసా రాదు. ఎక్కువ పొగ వదిలేవాడికి అందని ప్రోత్సాహకం, కొత్త కారు కొనే స్థోమత ఉన్నవాడికి అందుతోంది.

మెచ్చుకోవలసినదీ ఉంది. మా దగ్గర బండి విప్పితే వేస్ట్ ఆయిల్ ఎక్కడికి పోతుంది? నిజం చెప్పాలంటే చాలా షెడ్లలో కాలవలోకే. ఏసీ గ్యాసు గాల్లోకి, బ్యాటరీ యాసిడ్ నేలలోకి. గుర్తింపు ఉన్న కేంద్రం వీటిని విడివిడిగా తీసి భద్రపరచాలి. ఒక్క ఆ పని కోసమైనా వాటికి సాయం చేయడం దండగ కాదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హైదరాబాద్ మిత్రుని మాట విన్నాక బ్రోకరుకు వద్దని చెప్పేశాను. తుక్కు కేంద్రం వారికి ఫోన్ చేస్తే, కారును తుక్కుకు అప్పగించినట్టు వారిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌ను మరొకరి పేరుకు బదిలీ చేయవచ్చన్నారు. మా అల్లుడు గారు వచ్చే నెలలో కారు కొంటున్నారు, బుకింగ్ కూడా అయిపోయింది. రాయితీ ఆయన కారుకు వాడుకుంటే, నాకు బ్రోకరు దగ్గర పోయిన 22 వేలు ఇంట్లోకే తిరిగి రావచ్చు.

మా అమ్మాయికి ఇదంతా చెబితే, ‘నాన్నా, ఆయన ఎలాగూ కొంటున్నారు, నువ్వు కారు ఎలాగూ తిప్పడం లేదు, మరి ప్రభుత్వం మనకు డబ్బు ఎందుకిస్తున్నట్టు?’ అని అడిగింది. ఒహాయో వారు రాసిన పేరా చదివి వినిపించాను.