ఛార్జిషీటుకు ముందే మధ్యంతర పరిహారం ఎలా ఇప్పించాలి?

నాతో పనిచేసే 23 ఏళ్ల అమ్మాయి తరఫున అడుగుతున్నాను. మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. జూన్‌లో అత్యాచారం కేసు నమోదైంది, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షలూ అయ్యాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రంలో (హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) చోటిచ్చారు. కౌన్సెలర్ బాగా చూసుకున్నారు, కానీ అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజులే. ఇప్పుడు అద్దె గదిలో ఉంటోంది, పనికి రాలేకపోతోంది.

2018 నాటి నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) బాధిత మహిళల పరిహార పథకం కింద మధ్యంతర పరిహారానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టాం. ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్ జతచేశాం. ఛార్జిషీటు వేశాక రమ్మన్నారు. కేసు తేలకముందే ఈ సాయం ఇవ్వొచ్చని పథకంలోనే ఉంది కదా! స్టేషన్‌లో అడిగితే సఖికి వెళ్లమంటారు, సఖి వాళ్లు మళ్లీ స్టేషన్‌కే పంపుతారు. వెళ్లిన ప్రతిచోటా ఆమె జరిగిందంతా మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది. నిన్న కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నవాళ్లంతా వింటుండగానే అడిగారు.

ఛార్జిషీటుకు ముందే ఈ డబ్బు ఇప్పించినవాళ్లు ఉంటే చెప్పండి: అర్జీ ఎవరి ద్వారా పంపితే కదిలింది?