రైల్‌గన్ స్పీడ్ సెకనుకి 10 కి.మీ.కి పెంచితే ఇక పేలుడు మందే అక్కర్లేదా?

ధూళికణం:
రైల్‌గన్ అంటే మందుగుండు లేకుండా, రెండు లోహపు పట్టాల (రైల్స్) గుండా భారీ కరెంట్ పంపి, ఆ అయస్కాంత బలంతో గుండుని విసిరే గన్. ఆ కరెంట్‌ని నిల్వచేసి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్ల గోల తీరిపోతే రైల్‌గన్‌కి ఇక అడ్డే లేదని నా వాదన. శక్తి వేగం స్క్వేర్ లెక్కన పెరుగుతుంది కదా, సెకనుకి 3 కి.మీ. వచ్చేసరికే కిలో లోహం శక్తి కిలో టీఎన్‌టీ (పేలుడు మందు) శక్తిని దాటేస్తుంది, 10 కి.మీ. అంటే 50 మెగాజౌల్స్, దాదాపు 12 కిలోల టీఎన్‌టీ! అమెరికా నేవీ 2021లో ప్రాజెక్ట్ ఆపేసింది డబ్బుల కోసమే అనిపిస్తోంది.

లోహం_77:
డబ్బు ఒక్కటే కాదు బ్రో, బ్యారెల్. 2010లో డాల్‌గ్రెన్‌లోని నేవీ టెస్ట్ సెంటర్‌లో 33 మెగాజౌల్స్ షాట్ కొట్టారు, గొప్పే, కానీ పది లక్షల ఆంపియర్లు దాటిన కరెంట్ రైల్స్ మీద జారిపోతున్న కాంటాక్ట్ గుండా వెళ్తుంటే రైల్ పైపొర కరుగుతుంది, ఆర్క్ వస్తే గుంటలు పడతాయి, పైగా గుండుని తోసే అదే అయస్కాంత బలం రెండు రైల్స్‌నీ చెరోవైపుకి నెడుతుంది. 10 మీటర్ల బ్యారెల్‌లో 2.5 కి.మీ. స్పీడ్ కావాలంటేనే 30 వేల జీ (భూమి గురుత్వాకర్షణకి 30 వేల రెట్లు) పైన త్వరణం, 10 కి.మీ.కి దానికి 16 రెట్లు. గుండుని టార్గెట్ వైపు తిప్పే ఏ గైడెన్స్ చిప్ తట్టుకుంటుంది?

ధూళికణం:
చిప్ తీసేయండి, బ్యారెల్ పొడుగు చేయండి. ఉత్త టంగ్‌స్టన్ కడ్డీ చాలు.

నైట్‌షిఫ్ట్:
గన్ సంగతి వదిలేయండి, గాలి మాటేంటి? ఉల్కలు చాలావరకు ఎక్కడో పైన పల్చటి గాలిలోనే కాలిపోతాయి, మీరేమో నేల దగ్గర చిక్కటి గాలిలో ఆ స్పీడ్ అంటున్నారు. ముక్కు ముందు గాలంతా ప్లాస్మా, కడ్డీ కరుగుతూ వెళ్తుంది. సరే తగిలిందే అనుకుందాం, నాకు అసలు పేచీ అక్కడే. ఆ స్పీడ్‌లో కడ్డీ, కవచం రెండూ ద్రవాల్లా ప్రవర్తిస్తాయి, ఎంత లోతు దిగుతుందనేది కడ్డీ పొడవు, రెండిటి సాంద్రతలు తేలుస్తాయి. ఉక్కులో టంగ్‌స్టన్‌కి దాని పొడవుకి దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆపైన స్పీడ్ ఎంత పెంచినా పెద్దగా ఒరిగేదేం లేదు.

ధూళికణం:
మరి మిగతా శక్తి ఎటు పోయినట్టు?

నైట్‌షిఫ్ట్:
గొయ్యి వెడల్పవడానికి, వేడికి. చిన్న గుండైతే ఇంకా ఘోరం, పల్చటి రేకు తగిలినా తునకలైపోతుంది, స్పేస్‌క్రాఫ్ట్‌లకి బయట ఒక రేకు దూరంగా పెట్టేది అందుకే.

లోహం_77:
ఇంకోటి, రైల్‌గన్ కోసం తయారుచేసిన గుండునే 2020లో మామూలు 155 ఎంఎం ఫిరంగిలోంచి కొట్టి, క్రూయిజ్ మిసైల్‌లా ఎగిరే టార్గెట్‌ని కూల్చారు. స్పీడ్ రైల్‌గన్ దాని కంటే తక్కువే, గైడెన్స్ ఉంది కాబట్టి తగిలింది. మీరు ముందు తీసేయమన్నది ఆ చిప్‌నే.