ఆదివారం నుమాయిష్‌కి: ఏ గేటు? కారు ఎక్కడ పెట్టాలి?

వెన్నెల: పొద్దున్నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఒక్కరూ సూటిగా చెప్పడం లేదు. ఆదివారం ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కి, అదే నుమాయిష్‌కి బయల్దేరుతున్నాం. నాన్నగారు, ఇద్దరు పిల్లలు కూడా వస్తారు. ఎవర్నడిగినా "మెయిన్ గేటుకి రండి" అంటారు, అదెక్కడో చెప్పరు. మ్యాప్‌లో ఒక్కోసారి ఒక్కో దారి చూపిస్తోంది. కారు ఎక్కడ పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

రెడ్‌లైన్ రోజూ: కారు వద్దు. మెట్రో. గాంధీ భవన్ స్టేషన్.

పాత నాంపల్లి: అమ్మా, పిల్లల్ని తీసుకెళ్తున్నారు కాబట్టి అసలు సంగతి వాళ్లకి చెప్పండి. ఈ నుమాయిష్‌ని ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు, ఇక్కడ తయారయ్యే సరుకులు జనానికి తెలియాలని. ఈ నాంపల్లి మైదానానికి వచ్చింది ఆ తర్వాతే. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీయే కాలేజీలూ నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాళ్లదే. మా ఇంటి ఆడపిల్లలు అక్కడే చదువుకున్నారు. ఇప్పుడు అందరూ బజ్జీలు తిని, ఫోటోలు దిగి వచ్చేస్తున్నారు. చూస్తే బాధగా ఉంటుంది.

రెడ్‌లైన్ రోజూ: ఆవిడ అడిగింది పార్కింగ్ గురించి సార్.

పాత నాంపల్లి: తెలిసింది చెప్తే తప్పేంటి బాబూ? మెయిన్ గేటంటే అజంతా గేటు. ఎప్పటి నుంచో అంతే.

రెడ్‌లైన్ రోజూ: మెట్రో వచ్చాక జనం ఎక్కువగా వచ్చేది గాంధీ భవన్ గేటు నుంచే. మాకు అదే మెయిన్.

ఇద్దరు పిల్లల తల్లి: దయచేసి మెయిన్ అనకండి, గేటు పేరు చెప్పండి. గోషామహల్ వైపు కూడా ఒకటుంది. నిరుడు మా మరిది వాళ్లు ఒక గేటు దగ్గర, మేం ఇంకో గేటు దగ్గర, ఇద్దరం "మెయిన్ గేటు దగ్గరే ఉన్నాం" అని ఫోన్లలో అరుచుకున్నాం. పిల్లల జేబులో మీ నంబర్ రాసిన కాగితం పెట్టండి. జనం ఎక్కువైతే లోపల ఫోన్ కలవదు. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో లోపలికి వెళ్లగానే చూపించండి. వెన్నెల గారూ, ఇంతకీ ఎక్కడి నుంచి వస్తున్నారు?

వెన్నెల: ఉప్పల్ నుంచండీ. నాన్నగారికి దసరాకి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లు ఎక్కలేరు, అందుకే కారు అంటున్నా.

ఇద్దరు పిల్లల తల్లి: ఆ మాట ముఖ్యం! ఆదివారం నాంపల్లిలో కారు పెట్టడానికి చోటు దొరికినా, అక్కడి నుంచి నడిచేదే ఎక్కువవుతుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో రైలు మారాలి. లిఫ్టులున్నాయి గానీ సాయంత్రం ఆ తోపులాటలో మోకాలి నొప్పితో నిలబడటం కష్టం. రింగ్ రోడ్డు మీద నాగోల్ మీదుగా ఎల్బీ నగర్ వరకు ఆటోలో రండి, అక్కడ ఎక్కండి. రైలు బయల్దేరేది అక్కడి నుంచే కాబట్టి కూర్చోవడానికి చోటుంటుంది, గాంధీ భవన్ దాకా మారే పనే లేదు. దిగాక లిఫ్టులో కిందికి రావచ్చు. టికెట్లు ముందే వాట్సాప్‌లో తీసుకోండి. నుమాయిష్ గేట్లు సాయంత్రమే తీస్తారు, తీసే వేళకే ఉండండి. ఏడు దాటాక స్టాళ్ల మధ్య నాన్నగారు అడుగు వేయలేరు.

రెడ్‌లైన్ రోజూ: తిరిగి వచ్చేటప్పుడు సీటు దొరకదు. పెద్దవాళ్ల సీట్ల దగ్గర అడగండి, లేస్తారు.

పాత నాంపల్లి: అమీర్‌పేట అంత కష్టమేం కాదు. నేను మారుతూనే ఉంటాను.

ఇద్దరు పిల్లల తల్లి: మీకు మోకాలి ఆపరేషన్ కాలేదు కదండీ.

పాత నాంపల్లి: అదీ నిజమే. ఖాదీ స్టాల్ మాత్రం చూడకుండా రాకండమ్మా.

వెన్నెల: ఎల్బీ నగర్ నుంచే వస్తాం. థాంక్సండీ.

కొత్తపేట కోడలు: మా అత్తగారిని కూడా తీసుకెళ్లాలి. లోపల వీల్‌చైర్ ఇస్తారా? ఏ గేటు దగ్గర అడగాలి?