పురుగు పట్టిన మైదా, మిగిలిపోయిన కోకో, ఈస్టు: కోళ్ళకు వేయొచ్చా?

తణుకు_పెరడు
అందరికీ నమస్తే. రెండేళ్ళు ఇంట్లోనే కేకుల ఆర్డర్లు చేశాను. చంటిది పుట్టాక మానేశాను. నిన్న అటక మీది డబ్బాలు దింపి చూస్తే 3 కిలోల మైదా, ఓ కిలో బొంబాయి రవ్వ, సగం ప్యాకెట్టు ఓట్స్, కార్న్‌ఫ్లోర్, కోకో పొడి, చాకో చిప్స్, బేకింగ్ పౌడరు, రెండు ఈస్టు ప్యాకెట్లు ఉన్నాయి. మైదాలో, రవ్వలో పురుగు పట్టింది. పారేయడానికి మనసు రావడం లేదు.

పెరట్లో ఆరు గ్రామప్రియ పెట్టలున్నాయి, వలకట్టిన గూడు. మా అత్తయ్య "అన్నీ కలిపి తడిపి పడెయ్యి, కోడి రాయినైనా అరిగించుకుంటుంది" అంటున్నారు. నాకేమో టెన్షన్. ఏవి వేయొచ్చు, ఏవి వద్దు?

నూకల_బస్తా
కరీంనగర్ నుంచి. పురుగుల గురించి బాధపడకండి, కోళ్ళు ముందు వాటినే ఏరుకుని తింటాయి. చూడాల్సింది బూజు. మైదాను చాటలో పోసి వేళ్ళతో కెలకండి. ఉండలు కట్టి, ఆ ఉండల లోపల పచ్చగానో నల్లగానో ఉన్నా, చెమ్మ వాసన వచ్చినా మొత్తం అవతల పారేయండి. పురుగు, జాలు మాత్రమే ఉంటే జల్లించి ఎండబెట్టండి.

మైదాను ఒట్టిగా వేస్తే ముక్కుకు అంటుకుంటుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే సినిమా పోస్టర్లు అంటించే జిగురే! నేనైతే గుప్పెడు మైదాకు నాలుగు గుప్పిళ్ళ తవుడు, జొన్న రవ్వ కలిపి నీళ్ళు చిలకరిస్తాను. పిడికిలి బిగిస్తే ముద్ద కావాలి, వేలు పెడితే పొడిపొడిగా విడిపోవాలి. తవుడు మాత్రం కొత్తది తెచ్చుకోండి. నాలుగు వారాలు నిల్వ ఉంటే ముక్కిన వాసన వస్తుంది, కోళ్ళు కూడా మూతి తిప్పుకుంటాయి.

గంప_కింద_కోడి
ఈస్టు జోలికి మాత్రం పోవద్దమ్మా. నా అనుభవం చెప్తాను.

పోయినేడు మా అబ్బాయి పిజ్జా చేస్తానని పిండి పులియబెట్టాడు. మిగిలిన పచ్చిపిండి పెద్ద నిమ్మకాయంత ఉంటుంది, నేనే తీసుకెళ్ళి పెట్టలకు వేశాను. ఒక పెట్ట మిగతావాటిని పొడిచి తరిమేసి దాదాపు అంతా తనే మింగింది. మర్నాడు తెల్లవారి గంప ఎత్తితే అన్నీ బయటికి ఉరికాయి, అది రాలేదు. మెడ కింద మేత నిలిచే సంచి ఉంటుంది కదా, అక్కడ చెయ్యి పెడితే గాలి ఊదిన బంతిలా ఉంది. నోరు తెరిస్తే కల్లు వాసన. మామూలుగా రాత్రి తిన్నది తెల్లారేసరికి దిగిపోయి ఆ సంచి ఖాళీగా ఉండాలి. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది, మూడో రోజు పోయింది.

డాక్టరు చెప్పిందేమిటంటే, పచ్చిపిండిలో ఈస్టు బతికే ఉంటుంది, కోడి ఒంటి వేడికి లోపల ఇంకా పొంగుతుంది, గాలి, ఆల్కహాలు పుడతాయి. ఇంకో మాట. తలకిందులుగా పట్టుకుని కక్కించాలని చూశాను నేను. అది అస్సలు చేయకూడదట, ఊపిరిలోకి పోతుంది.

ఫీడ్‌మిల్లు_అన్న
15 ఏళ్ళుగా లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ళ) దాణా పనిలో ఉన్నాను. ఒక్కొక్కటీ చెప్తాను.

కోకో, చాకో చిప్స్ వద్దు. వాటిలో థియోబ్రోమిన్ ఉంటుంది, కోళ్ళకు అది విషం, చాక్లెట్ కంటే ఒట్టి కోకో పొడిలో ఇంకా ఎక్కువ. బేకింగ్ పౌడరూ వద్దు. ఎండాకాలంలో దాణాలో సోడా కలుపుతారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఎండకు రొప్పే కోడి ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి గుడ్డు పెంకు పలచబడుతుంది, అందుకే ఫారాల్లో వంటసోడా కలుపుతారు. కానీ అది టన్నుకు ఇన్ని కిలోలని తూకం వేసి, దాణాలో ఉప్పు తగ్గించి కలిపేది. ఆరు కోళ్ళకు చెంచాతో వేస్తే ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడుతుంది. ఎక్కువైతే కిడ్నీల మీద పడుతుంది. పైగా బేకింగ్ పౌడరులో సోడాతో పాటు వేరే ఆమ్ల లవణాలు, పిండి కూడా ఉంటాయి, రెండూ ఒకటి కాదు.

మైదా, రవ్వ, కార్న్‌ఫ్లోర్ విషం కాదు, బలమూ కాదు. గుడ్లు పెట్టే కోడి దాణాలో ప్రొటీన్ 16 నుంచి 18 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలి. మైదాలో కాల్షియం ఏమీ లేదనే అనుకోండి. దాంతో కడుపు నిండితే అసలు దాణా ముట్టదు, రెండు వారాల్లో గట్టి పెంకు లేని తోలుగుడ్లు మొదలవుతాయి. పెట్ట రోజుకు 110 గ్రాముల దాకా తింటుంది, అందులో పదో వంతుకు మించి ఇలాంటివి వద్దు. మీ ఆరింటికీ కలిపి 65 గ్రాములు. అంటే మీ 3 కిలోల మైదా నెలన్నర వస్తుంది. ఒక్కపూటలో ఖాళీ చేద్దామనుకోకండి.

తణుకు_పెరడు
అమ్మో, నేను ఆదివారానికి డబ్బాలు కడిగేద్దామనుకున్నాను! ఓట్స్ సంగతి?

ఫీడ్‌మిల్లు_అన్న
చక్కెర, మసాలా కలిపినవి కాకపోతే వేయండి. చలికాలంలో ఇష్టంగా తింటాయి.

పాతకాలం_మనిషి
ఇన్ని లెక్కలా? మా నాయనమ్మ మిగిలిన అన్నం, గంజి, చిట్టు, ఊరగాయ పిండిన ముద్ద, అన్నీ వేసేది. ఒక్క కోడీ చావలేదు.

గంప_కింద_కోడి
చచ్చినవాటిని కొక్కెర రోగం కింద రాసుకుని ఉంటారు బాబాయ్ 🙂

నూకల_బస్తా
పాతకాలం గారు చెప్పిన దాంట్లో ఒకటుంది. ఆ కోళ్ళు ఊరంతా తిరిగేవి. పెంట కెలికి పురుగులు తినేవి, చెదలు తినేవి, రాళ్ళు ఏరుకునేవి. ఇంట్లో వేసిన ముద్ద పైపై తిండి. ఇప్పుడు వలలో పెట్టి మనం వేసిందే గతి అన్నప్పుడు లెక్క మారుతుంది.

రాళ్ళంటే గుర్తొచ్చింది. పండక్కి నాటుకోడిని కోసినప్పుడు కందనకాయ చీల్చి చూడండి. లోపలి పసుపు తోలు ఒలుస్తుంటే సన్నటి గులకలు, ఇటుక ముక్కలు రాలతాయి. మా ఇంట్లో ఓసారి చొక్కా గుండీ కూడా వచ్చింది. గింజను నలిపే తిరగలి అదే. వలలో ఉన్న కోళ్ళకు జొన్నలు, సజ్జలు, మక్కలు గింజలుగా వేస్తే పక్కన ఓ మూకుడులో ముతక ఇసుక పెట్టాలి. పెంకు గట్టిపడాలంటే షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన గుల్లల ముక్కలు) వేరేగా పెట్టండి. రాయి పని అది చేయదు, అది కరిగిపోతుంది.

మక్కలు కొనేటప్పుడు జాగ్రత్త. వానకు తడిసినవి తక్కువ ధరకు ఇస్తారు.

ఫీడ్‌మిల్లు_అన్న
ఆ మాట నేను చెప్పాల్సింది. తడిసిన మొక్కజొన్న, పాత వేరుశనగ చెక్క, ఈ రెండింట్లో పట్టే బూజు వల్ల అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, ఆరా తీయగా దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఆ విషానికి పేరు పెట్టింది ఆ తర్వాతే. కడిగినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. బూజు దులిపేస్తే కంటికి కనబడదు కానీ విషం గింజలోనే ఉంటుంది, లివరు పాడవుతుంది. బాతులుంటే ఇంకా జాగ్రత్త, వాటికి కొంచెం చాలు.

లీడ్స్_లక్ష్మి
ఇంగ్లండు పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇక్కడ వంటింట్లోంచి వచ్చింది ఏదీ కోళ్ళకు వేయకూడదు, చట్టమే ఉంది. కూరగాయ తొక్కు కూడా వంటింట్లోకి వెళ్ళి వచ్చిందంటే వేయకూడదు. మాంసం, గుడ్లు, పాలు ఏవీ గడప తొక్కని పూర్తి వీగన్ ఇల్లయితేనే మినహాయింపు. 2001 గాలికుంటు వ్యాధి తర్వాత బాగా బిగించారు. నాకు మూడు పెట్టలున్నాయి. ఆకుకూర తెంపి తోటలోంచి తిన్నగా గూట్లోకే వేస్తాను, గడప దాటనివ్వను. మా అమ్మకు ఫోన్‌లో చెబితే నవ్వి నవ్వి పొలమారింది.

భీమవరం_బుల్లోడు
మా దగ్గర పందెం పుంజులకు బాదం, జీడిపప్పు, మటన్ కీమా. మీరేమో పురుగుల మైదా 😄

తణుకు_పెరడు
అవును తమ్ముడూ, మా పెట్టలు విన్నాయి, అలిగాయి.

ఇంకో డౌటు. పచ్చి బియ్యం తింటే కడుపులో ఉబ్బి చస్తాయంటారు, నిజమా?

నూకల_బస్తా
ఆ లెక్కన మా ఇంటి కోళ్ళు ఎప్పుడో పోవాలి, పొద్దునా సాయంత్రం నూకలే. పచ్చి రాజ్మా మాత్రం వేయొద్దు, అది ఉడకనిదైతే నిజంగానే విషం.

గంప_కింద_కోడి
అమ్మాయ్, ఆ కోకో, చిప్స్ పెంటకుప్పలో పారేయకు సుమా. కోళ్ళను వదిలితే మొదట కెలికేది దాన్నే.

తణుకు_పెరడు
అయ్యో! పొద్దున్నే అక్కడే పోశాను. ఉండండి.

తణుకు_పెరడు
వచ్చాను. పెట్టలు ఇంకా గూట్లోనే ఉన్నాయి, బతికిపోయాను. కోకో పొడి కింద మట్టితో సహా పారతో ఎత్తి, చిప్స్ ఏరి, కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేశాను. చీమలు అప్పటికే సగం పని చేశాయి. మైదాలో ఒక డబ్బా అడుగున ఉండలు కట్టి ఉంది, అదీ పోయింది. మిగిలింది రెండు కిలోల చిల్లర. తవుడుతో కలిపి ఇవాళ 60 గ్రాములు తూచి వేశాను. కేకుల తూకం మిషనుకు మళ్ళీ పని పడింది. బేకింగ్ పౌడరుతో సింకు కడిగాను. ఈస్టు పక్కింటి పిన్నిగారు పట్టుకెళ్ళారు, నాన్ చేస్తారట.

గంప_కింద_కోడి
కాల్చిన నాన్ ముక్క మిగిలితే పర్లేదు. పిండి మిగిలితే మాత్రం గోడ మీదుగా మీ గూట్లో పడేయొద్దని చెప్పు.