గోరక్‌షెప్ నుంచి హెలికాప్టర్‌లో దిగుదామా, నడిచే దిగుదామా? (ఎవరెస్టు బేస్ క్యాంపు, విశాఖ బృందం)

సింహగిరి మెట్లు
బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కలిసి నడిచే ఎనిమిది మందిమి అక్టోబరులో ఎవరెస్టు బేస్ క్యాంపుకు వెళ్లాలని నిశ్చయించుకున్నాం. లుక్లా (2,860 మీటర్లు) నుంచి నడక మొదలు. నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు విశ్రాంతి. ఎనిమిదో రోజున, బేస్ క్యాంపుకు ముందు చివరి బస అయిన గోరక్‌షెప్ చేరి, బేస్ క్యాంపు (5,364 మీటర్లు) చూసి, వెనక్కి వచ్చి అక్కడే పడుకుంటాం. మర్నాడు ఉదయం, ఎవరెస్టు బాగా కనిపించే కాలాపత్థర్ కొండ ఎక్కి, గోరక్‌షెప్ నుంచి హెలికాప్టర్‌లో లుక్లా. దిగడానికి పట్టే మూడు రోజుల నడక తప్పుతుంది. మాలో నలుగురికి పన్నెండు రోజులకు మించి సెలవు దొరకదు. ఒకరికి మోకాళ్ల ఇబ్బంది ఉంది. హెలికాప్టర్‌కు ముందుగా డబ్బు కట్టాలి కాబట్టి ఈ వారంలో తేల్చుకోవాలి. వెళ్లివచ్చినవారు చెప్పండి.

భీమిలి నడక
వద్దు. నేను ఆ దారిలో వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. ఎక్కేటప్పుడు మన కళ్లు కాళ్ల కింద రాళ్ల మీదే ఉంటాయి. తెంగ్‌బోచే మఠాన్ని, దూధ్‌కోశి లోయను, నామ్చే పైనున్న అడవిని నిజంగా చూసేది దిగేటప్పుడే. పైగా హెలికాప్టర్ల మోతతో అక్కడివారు విసిగిపోయారు. మనం ఎగిరిపోతే దారి పొడవునా ఉన్న బసల్లో మూడు రాత్రుల రాబడి వారికి పోతుంది. 2025 ఆరంభంలో సాగర్‌మాథా జాతీయ ఉద్యానవనం వాణిజ్య హెలికాప్టర్లను ఆపుతామని ప్రకటించినప్పుడు, హెలికాప్టర్లు దిగకుండా అవి దిగే చోట్ల స్థానిక యువకులు జెండాలు పాతారు. ప్రమాదాల సంగతి సరేసరి. 2023 జులైలో ఎవరెస్టు ప్రాంతం నుంచి ఖాట్మండు వెళుతున్న హెలికాప్టర్ కూలి పైలట్‌తో సహా ఆరుగురు చనిపోయారు.

గాజువాక యువకుడు
మన పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఏకంగా శిఖరమే ఎక్కింది. బేస్ క్యాంపుకు ఇంత చర్చ అవసరమా?

పెదవాల్తేరు
పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఈ దారి కాదు. భువనగిరి కొండల్లో, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ తీసుకున్నాకే వెళ్లింది.

సింహగిరి మెట్లు
భీమిలి గారూ, ప్రమాదం అంటే లుక్లా విమానం మాత్రం తక్కువా? 527 మీటర్ల ఏటవాలు రన్‌వే అది. అయినా అందరూ ఎక్కుతున్నారు. హెలికాప్టర్‌లో ఐదుగురు కూర్చోవచ్చు. రెండు విడతల్లో ఎనిమిది మందిమి దిగిపోతాం. ఖర్చు పంచుకుంటే మూడు రోజుల బస, భోజనం, కూలీల ఖర్చుతో పోల్చి చూసుకోవచ్చు.

భీమిలి నడక
ఐదుగురు ఎక్కడి నుంచి? గోరక్‌షెప్ 5,164 మీటర్లు. అక్కడి గాలి మన విశాఖ గాలిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రెక్కలు ఎంత తిరిగినా పట్టుకోవడానికి గాలి ఉండాలి కదా! ఆ ఎత్తులో ఇద్దరినో ముగ్గురినో మాత్రమే ఎక్కించుకుంటారు. వారిని కింద ఉన్న ఫెరిచే అనే ఊళ్లో దించి, మళ్లీ పైకి వచ్చి మిగిలినవారిని తీసుకెళతారు. రెండు విడతలని మీకు చెప్పినవారు సీట్లు లెక్కపెట్టారు, గాలిని లెక్కపెట్టలేదు.

సింహగిరి మెట్లు
నేను మాట్లాడిన కంపెనీ ఐదుగురు అనే చెప్పింది.

భీమిలి నడక
గోరక్‌షెప్ నుంచి ఐదుగురా, లుక్లా నుంచి ఐదుగురా? అడిగి చెప్పండి.

సింహగిరి మెట్లు
ఇద్దరో ఐదుగురో, చివరికి అందరూ దిగుతారా లేదా? మీరు ఒక్క అంకె పట్టుకుని మొత్తం ప్రణాళికనే తప్పంటున్నారు.

భీమిలి నడక
ఒక్క అంకె కాదు. విడతలు పెరిగితే సమయం పెరుగుతుంది. మధ్యాహ్నానికి లోయలో నుంచి మేఘం లేస్తుంది. మొదటి విడత వెళ్లిపోయాక మేఘం కమ్మితే మిగిలినవారు ఆ ఎత్తులోనే ఇంకో రాత్రి గడపాలి. అడిగి చెప్పండి.

మహారాణిపేట డాక్టర్
వైద్యపరంగా రెండు మాటలు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు ఉండాలి. మీ ప్రణాళికలో విశ్రాంతి రోజులు ఉన్నాయి, మంచిదే. డింగ్‌బోచే (4,410) నుంచి, గోరక్‌షెప్‌కు ముందు బస అయిన లోబుచే (4,940) కాస్త ఎక్కువ. త్వరగా దిగడం వల్ల ఒంటికి చేటు లేదు కాబట్టి హెలికాప్టర్‌లో దిగడం దానంతట అది తప్పు కాదు. తలనొప్పి, వికారం ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దిగాలి. తెల్లవారేదాకా ఆగకూడదు. సింహాచలం మెట్లు ఎంత ఎక్కినా కాళ్లు, గుండె గట్టిపడతాయి గానీ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడదు.

సీతమ్మధార
మోకాళ్ల ఇబ్బంది ఉన్న ఆ ఒక్కరు నేనే. వయసు 58. ప్రతి శనివారం సింహాచలం మెట్లు ఎక్కుతాను. నిరుడు ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ పూర్తిచేశాను. ఎక్కడం నాకు కష్టం కాదు, దిగడమే. మెట్టు మెట్టుకూ మోకాలిచిప్ప కింద సూది గుచ్చినట్టు ఉంటుంది. ఈ యాత్ర కోసం ఆరేళ్లుగా డబ్బు దాచుకుంటున్నాను. హెలికాప్టర్ ఉంటేనే రాగలను.

భీమిలి నడక
అమ్మా, కటువుగా ఉంటుందేమో గానీ చెప్పక తప్పదు. దిగలేనివారు అంత ఎత్తు ఎక్కకూడదు.

సీతమ్మధార
ఎందుకు ఎక్కకూడదో చెప్పండి నాయనా. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని కొండలకు, గుహలకు విహారయాత్రలకు తీసుకెళ్లినదాన్ని. బొర్రా గుహల మెట్ల దగ్గర ఏ బిడ్డ భయపడినా చెయ్యి పట్టుకుని దించాను. ఇప్పుడు నాకు ఒక యంత్రం చెయ్యి అందిస్తానంటే అది నేరమా? మీ మోకాళ్లు బాగున్నాయి కాబట్టి అడవి అందం గురించి మాట్లాడుతున్నారు.

గాజువాక యువకుడు
భీమిలి గారు ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

సింహగిరి మెట్లు
నిజం చెప్పండి భీమిలి గారూ. మొదట అడవి అన్నారు, తర్వాత మోత అన్నారు, తర్వాత సీట్లు, ఇప్పుడు మోకాళ్లు. మీకు అసలు అభ్యంతరం ఏమిటి? మా బృందం వెళ్లడమే ఇష్టం లేదా?

భీమిలి నడక
సరే, చెబుతాను. ఇంతకుముందే చెప్పవలసింది.

నేను వెళ్లినది వేరే బృందంతో. మీలాగే తిరుగు ప్రయాణానికి గోరక్‌షెప్ నుంచి హెలికాప్టర్, డబ్బు ముందే కట్టేశాం. లోబుచే చేరిన సాయంత్రం నా స్నేహితుడికి తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు. దిగుదామని అన్నాను. బృందాన్ని నడిపినవారు, "ఇంకొక్క రోజు ఓర్చుకుంటే చాలు, రేపు గోరక్‌షెప్, ఎల్లుండి ఉదయం హెలికాప్టర్, మూడు రోజులు నడిచి దిగడం కన్నా అదే త్వరగా కిందికి చేరుస్తుంది" అన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! పైకి వెళ్లడమే కిందికి వెళ్లే దారి అయిపోయింది. నా స్నేహితుడు కూడా అదే నమ్మాడు. రాత్రి పదకొండింటికి లేచి బయటికి వెళ్లబోయి తలుపు దగ్గర తూలి పడ్డాడు. పేరు అడిగితే తడబడ్డాడు. బయట మంచు. చీకట్లో హెలికాప్టర్ ఏదీ రాదు. ఒక కూలీ, నేను, చెరొక భుజం కింద చెయ్యి వేసి ఆ రాత్రే ఫెరిచే దారి పట్టాం. తెల్లవారుతుండగా అక్కడి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాలకు చేరాం. బతికాడు. బృందంలో ఇంకెవరూ మాతో దిగలేదు. రెండు రోజుల తర్వాత వారి హెలికాప్టర్ మా తల మీదుగా వెళ్లింది. మేమిద్దరం కింద నిలబడి చూశాం.

నాకు హెలికాప్టర్ మీద కోపం లేదు. పైన ఒకటి మన కోసం ఎదురుచూస్తోందన్న ధీమా మీద కోపం. అది ఉంటే వెనక్కి తిరగాల్సినవారు తిరగరు.

మహారాణిపేట డాక్టర్
మీ ఇద్దరూ ఆ రాత్రి దిగడమే అతన్ని కాపాడింది.

సీతమ్మధార
నాయనా, నేను కోపంగా మాట్లాడాను. మీ స్నేహితుడు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

భీమిలి నడక
బాగున్నాడమ్మా. కొండల జోలికి మాత్రం వెళ్లడు. నేను కూడా మీతో అలా అనకుండా ఉండవలసింది.

సింహగిరి మెట్లు
ఇది ముందే చెప్పి ఉంటే నేను సీట్ల గురించి రెండు రోజులు వాదించేవాడిని కాదు. కానీ నేను కూడా మనసులో మాట చెప్పాలి. ఒకరికి బాగాలేకపోతే ఎనిమిది మందీ దిగాలంటే నేను ఒప్పుకోను. ఒక్కొక్కరు ఏళ్ల తరబడి కూడబెట్టుకుని వస్తున్నారు. బాగాలేనివారి వెంట ఒకరు దిగాలి, మిగిలినవారు వెళ్లాలి.

భీమిలి నడక
ఆ "ఒకరు" ఎవరు? ఇక్కడే, విశాఖలోనే పేరు రాయండి. లోబుచేలో రాత్రి పదకొండింటికి అడిగితే అందరూ నిద్ర నటిస్తారు.

సీతమ్మధార
నా కోసం ఏ ఒక్కరూ తమ యాత్ర వదులుకోకూడదు. అలాగని నన్ను ఒక కూలీకి అప్పగించి వెళ్లిపోనూ కూడదు. రెండో గైడ్‌ను పెట్టుకుందాం. ఎవరు దిగాల్సివచ్చినా అతను వెంట వస్తాడు. నాకు బాగాలేదని నేను అన్నప్పుడు, "ఇంకొక్క రోజు" అని ఎవరూ అనకూడదు. ఇది నా షరతు.

పెదవాల్తేరు
బీమా పత్రం కూడా చదవండి. జబ్బుపడితే దించే హెలికాప్టర్‌కు, పత్రంలో రాసి ఉంటే, బీమా వర్తిస్తుంది, సౌకర్యం కోసం ఎక్కేదానికి వర్తించదు. లేని జబ్బు చూపించి బీమా రాబట్టే దందా నేపాల్ ప్రభుత్వ విచారణలో 2018లో బయటపడింది. ఎవరైనా "రోగి అని రాసేద్దాం" అంటే ఆ మాట అన్నవారితో వెళ్లకండి.

సింహగిరి మెట్లు
కంపెనీని అడిగాను. భీమిలి గారు చెప్పినదే నిజం. గోరక్‌షెప్ నుంచి ఐదుగురు కుదరదట. ప్రణాళిక మార్చాను. కాలాపత్థర్ తర్వాత అందరం ఫెరిచే దాకా నడిచి దిగుతాం, ఒక రోజు. సీతమ్మధార అమ్మగారు ఆ ఒక్క రోజు కర్రలతో మెల్లగా దిగగలనన్నారు. హెలికాప్టర్ ఫెరిచే నుంచి, మర్నాడు ఉదయం. కావలసినవారే ఎక్కుతారు. మేఘం ఉంటే ఆగడానికి ఒక రోజు అదనంగా పెట్టాను. రెండో గైడ్‌ను కూడా మాట్లాడుతున్నాను.

భీమిలి నడక
ఫెరిచే మంచి నిర్ణయం. రెండో గైడ్ కూడా. కానీ వెంట దిగేవారి పేరు ఇంకా రాయలేదు మీరు.

సింహగిరి మెట్లు
గైడ్ ఉన్నాడు కదా.

భీమిలి నడక
గైడ్‌కు మన భాష రాదు. మతి తప్పినవాడు తెలుగులోనే మాట్లాడతాడు.

గాజువాక యువకుడు
నా పేరు రాయండి. ఎవరు దిగినా నేను దిగుతాను.

సీతమ్మధార
ఆదివారం ఉదయం ఐదున్నరకు సింహాచలం తొలి మెట్టు దగ్గర కలుద్దాం బాబూ. నా నడక ఎలా ఉంటుందో నువ్వు ముందు చూడాలి.