ఒకే స్క్రిప్టు, రెండు కంప్యూటర్లు, రెండు తప్పుడు సగటులు: మిర్చి ధరల డేటాతో ఆర్‌లో చిక్కు

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు ధరల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా. ఎక్సెల్ షీటును సీఎస్‌వీగా (కామాలతో విలువలు విడదీసే మామూలు టెక్స్ట్ ఫైలు) సేవ్ చేసి ఆర్‌లో (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) చదివిస్తున్నా. నాలుగు కాలమ్‌లు: తేదీ, రకం, టిక్కీలు (బస్తాలు), క్వింటా ధర. ఫైల్లో పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఇక్కడ అర్థమయ్యేలా తెలుగులో రాస్తున్నా. కాలేజీ ల్యాబ్‌లో ఆర్ 3.5.1, ఇంట్లో 4.3.2.

యార్డ్ <- రీడ్.సీఎస్‌వీ("ధరలు.సీఎస్‌వీ")
యార్డ్$ధర <- యాజ్.న్యూమరిక్(యార్డ్$ధర)
మీన్(యార్డ్$ధర, ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ)

దీనికి ల్యాబ్‌లో 37 వస్తోంది, ఇంట్లో 9640 వస్తోంది. షీటులో ఎక్కువ ధరలు పన్నెండు వేల పైనే ఉన్నాయి, కాబట్టి రెండూ తప్పే. పైగా ఇంట్లో రకం వారీగా సగటు అడిగితే ఒక్కటంటే ఒక్కటే వరుస వస్తోంది. యాదృచ్ఛిక ఎంపిక ప్రతిసారీ ఒకేలా రావాలని సెట్.సీడ్(123) ఇచ్చినా శాంపిల్‌లో పడే వరుసలు రెండు చోట్లా వేరుగా ఉన్నాయి. ఆర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మార్పు లేదు.

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

ఇన్‌స్టాలేషన్ జోలికి వెళ్లకండి, అందులో లోపం లేదు. మీకున్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సమస్యలు. ముందు ధర సంగతి చూద్దాం. రెండు కంప్యూటర్లలోనూ రీడ్.సీఎస్‌వీ లైను తర్వాత, మిగతావేవీ నడపకుండా, ఎస్‌టీఆర్(యార్డ్) కొట్టి ధర ఎదురుగా ఏం ఉందో పెట్టండి.

అడిగినవారు

ల్యాబ్‌లో "ఫ్యాక్టర్" అనీ, ఇంట్లో "సీహెచ్‌ఆర్" (అక్షరాలు) అనీ ఉంది. ఇంట్లో యాజ్.న్యూమరిక్ లైను దగ్గర ఎర్రగా "ఎన్‌ఏస్ ఇంట్రడ్యూస్డ్ బై కోయెర్షన్" అని వచ్చింది. ల్యాబ్‌లో ఏ వార్నింగూ రాలేదు.

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

అనుకున్నదే. ఎక్సెల్ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు సెల్‌లో కనిపించే రూపాన్నే రాస్తుంది. కామా ఫార్మాట్ పెట్టిన సెల్స్ "14,000" అని కోట్స్‌లో వెళ్తాయి, పెట్టనివి 9800 అని నేరుగా వెళ్తాయి. కాలమ్‌లో ఒక్క విలువకు కామా ఉన్నా ఆర్ ఆ కాలమ్ మొత్తాన్ని అక్షరాలుగానే తీసుకుంటుంది.

ఇక్కణ్నుంచి రెండు వెర్షన్లదీ చెరో దారి. 2020లో వచ్చిన 4.0.0కు ముందు రీడ్.సీఎస్‌వీ అక్షరాల కాలమ్‌ను దానంతటదే ఫ్యాక్టర్ (విలువలను వర్గాలుగా తీసుకుని ఒక్కోదానికి లోపల ఒక నంబరు ఇచ్చే రకం) చేసేసేది. స్ట్రింగ్స్‌యాజ్‌ఫ్యాక్టర్స్ డిఫాల్ట్ అప్పట్లో ట్రూ, 4.0.0 నుంచి ఫాల్స్. ఫ్యాక్టర్ మీద యాజ్.న్యూమరిక్ వేస్తే లోపలి లెవెల్ నంబర్లు వస్తాయి, పైన రాసిన విలువలు రావు. ఉదాహరణకు ఈ నాలుగు ధరలు తీసుకోండి: "14,000", "14,200", "9,800", "14,000". లెవెల్స్ అక్షర క్రమంలో సర్దుకుంటాయి, కాబట్టి 14,000 మొదటిది, 14,200 రెండోది, 9,800 మూడోది. యాజ్.న్యూమరిక్ ఇచ్చేది 1, 2, 3, 1. సగటు 1.75. అసలు సగటు 13,000. అన్నిటికన్నా తక్కువ ధరకు అన్నిటికన్నా పెద్ద నంబరు పడింది చూడండి. దీంతో గ్రాఫ్ గీస్తే ధర పడిపోయిన రోజున గీత పైకి లేస్తుంది. ల్యాబ్‌లో వచ్చిన 37 ఇలాంటి లెవెల్ నంబర్ల సగటే.

ఇంట్లో కాలమ్ అక్షరాలుగా ఉంది. "14,000"ను ఆర్ అంకెగా ఒప్పుకోదు, ఎన్‌ఏ (విలువ లేదు అనే గుర్తు) చేస్తుంది. కామా లేనివి మాత్రమే బతికాయి. ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ (ఎన్‌ఏలను వదిలెయ్) అన్నారు కాబట్టి ఆ మిగిలిన వాటికే సగటు తీసి 9640 చేతిలో పెట్టింది. నన్నడిగితే రెండింట్లో ఇదే ప్రమాదం. 37ను ఎవరైనా పట్టుకుంటారు. 9640 మాత్రం మిర్చి ధరలాగే ఉంది, రిపోర్టులోకి నేరుగా వెళ్లిపోతుంది.

రెండు చోట్లా పనిచేసేది ఇది:

ముడి <- యాజ్.క్యారెక్టర్(యార్డ్$ధర)
అంకె <- యాజ్.న్యూమరిక్(జీసబ్(",", "", ముడి))
యునీక్(ముడి[ఈజ్.ఎన్‌ఏ(అంకె) & !ఈజ్.ఎన్‌ఏ(ముడి)])

కొత్త స్క్రిప్టుతో ఫైలును మళ్లీ మొదటి నుంచి చదివించి ఇది నడపండి. మీ పాత రెండో లైను అసలు విలువలను ఇప్పటికే తుడిచేసింది. మూడో లైను వదలొద్దు. అంకెగా మారనివి ఏవో అది వరుసగా చూపిస్తుంది. అవి చూశాకే యార్డ్$ధర <- అంకె అనండి.

అడిగినవారు

మూడో లైనులో "నో సేల్", "-", "14,000-15,500" లాంటివి వచ్చాయి. అంకె, చుక్క తప్ప మిగతా అన్నీ తీసేయమని జీసబ్‌కు చెబితే సరిపోతుందా?

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం)

అలా చేయకండి సార్. "14,000-15,500"లో కామాలూ, మధ్య గీతా పోతే మిగిలేది 1400015500. క్వింటా నూట నలభై కోట్లు. అలాంటి వరుస ఒక్కటున్నా సగటు ఎక్కడికో పోతుంది. రీడ్‌ఆర్ ప్యాకేజీలోని పార్స్_నంబర్ వాడితే మొదటి సంఖ్య దగ్గర ఆగి 14000 ఇస్తుంది. అంటే కనిష్ఠ ధరను మాత్రమే తీసుకుని గరిష్ఠాన్ని వదిలేస్తుంది. మీకు కావలసింది అదేనో కాదో మీరే తేల్చుకోవాలి. ఇలాంటి వరుసలను గీత దగ్గర విడగొట్టి కనిష్ఠం, గరిష్ఠం అని రెండు కాలమ్‌లు చేసుకోవడం మేలు.

"నో సేల్", "-" రెండూ చదివేటప్పుడే పోవాలి: రీడ్.సీఎస్‌వీలో ఎన్‌ఏ.స్ట్రింగ్స్ = సీ("", "ఎన్‌ఏ", "-", "నో సేల్"). ఫైల్లో ఏ స్పెల్లింగుతో ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే ఇవ్వాలి. వాటిని సున్నా మాత్రం చేయకండి, అమ్మకం లేని రోజు ధర సున్నా అయిపోతుంది.

ఇంకో మాట. యార్డు సగటు అంటే మామూలు మీన్ కాదు. పది టిక్కీల లాటుకూ వెయ్యి టిక్కీల లాటుకూ ఒకే బరువు ఇస్తే ఎలా? వెయిటెడ్.మీన్(ధర, టిక్కీలు) వాడండి. ఇక్కడా ఒక మెలిక ఉంది: ఎన్‌ఏ.ఆర్‌ఎం = ట్రూ అన్నా అది ధరలోని ఎన్‌ఏలనే తీసేస్తుంది, టిక్కీల కాలమ్‌లో ఎన్‌ఏ ఉంటే జవాబు ఎన్‌ఏయే. రెండూ ఉన్న వరుసలను ముందే ఏరుకోండి.

జవాబు (విజయవాడ, పటమట)

ఒక్క వరుసే రావడం గురించి. మీ స్క్రిప్టు పైన లైబ్రరీ(డీప్లయర్) తర్వాత లైబ్రరీ(ప్లయర్) ఉందా? ఇవి టేబుళ్లను సర్దే రెండు ప్యాకేజీలు. రెండింట్లోనూ సమ్మరైజ్ అనే ఫంక్షనే ఉంది, చివర లోడ్ చేసిన ప్యాకేజీదే నడుస్తుంది. ప్లయర్ వాళ్ల సమ్మరైజ్‌కు గ్రూప్_బై గురించి తెలియదు. గ్రూపులను పట్టించుకోకుండా మొత్తానికి ఒకే వరుస ఇస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

అడిగినవారు

ఉంది. రెండూ సప్రెస్‌ప్యాకేజ్‌స్టార్టప్‌మెసేజెస్ లోపల పెట్టా.

జవాబు (విజయవాడ, పటమట)

వార్నింగ్ అందుకే కనపడలేదు. డీప్లయర్ తర్వాత లోడ్ చేస్తే ఇబ్బంది వస్తుందని ప్లయర్ తనే చెబుతుంది, మీరు దాని నోరు నొక్కేశారు. ఏది నడుస్తోందో చూడాలంటే కన్సోల్‌లో బ్రాకెట్లు లేకుండా సమ్మరైజ్ అని మాత్రం కొట్టండి. చివరి లైనులో నేమ్‌స్పేస్: ప్లయర్ అని ఉంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ప్లయర్ అక్కర్లేకపోతే తీసేయండి. అందులో ఒక్క ఫంక్షన్ కావాలంటే లైబ్రరీ లేకుండా ప్లయర్::ఆ ఫంక్షన్ అని పిలవండి. తప్పనిసరిగా రెండూ లోడ్ చేయాల్సి వస్తే ప్లయర్ ముందు, డీప్లయర్ తర్వాత. మార్చాక కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి ఆర్ సెషన్ రీస్టార్ట్ చేయండి. ఆర్‌స్టూడియోలో (ఆర్ రాసి నడిపే ప్రోగ్రామ్) టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్, జనరల్‌కు వెళ్లి వర్క్‌స్పేస్ రీస్టోర్ టిక్కు తీసేసి, సేవ్ వర్క్‌స్పేస్‌ను నెవర్ చేయండి. లేదంటే పాడైన పాత యార్డ్ టేబులే మళ్లీ పైకొచ్చి కూర్చుంటుంది. మాస్ ప్యాకేజీ లోడ్ చేశాక సెలెక్ట్ "అన్‌యూజ్డ్ ఆర్గ్యుమెంట్" అని గొడవ చేయడమూ ఇలాంటిదే. అప్పుడు డీప్లయర్::సెలెక్ట్ అని రాయండి.

సీడ్ సంగతి చిన్నది. 2019లో వచ్చిన 3.6.0లో శాంపిల్ ఫంక్షన్ లోపలి పద్ధతి మారింది. సీడ్ అదే అయినా 3.5.1లో పడిన వరుసలు 4.3.2లో పడవు. ఇంట్లో పాత ఫలితమే కావాలంటే సెట్.సీడ్ కన్నా ముందు ఆర్‌ఎన్‌జీకైండ్(శాంపిల్.కైండ్ = "రౌండింగ్") పెట్టండి. వార్నింగ్ వస్తుంది, రానివ్వండి. ఆర్‌నార్మ్, రన్‌ఇఫ్ ఇచ్చే అంకెలకు ఈ మార్పుతో సంబంధం లేదు. ప్రాజెక్టుకైతే ఎంపికైన వరుసల నంబర్లను ఒక సీఎస్‌వీలో దాచుకుని ఇకమీదట వాటినే చదివించండి, ఏ వెర్షనైనా ఒకటే.

ఇంకో ప్రశ్న (గుంటూరు, కొరిటెపాడు)

ఇదే తరహా డేటా నాదీ. రకం వల్ల ధరలో తేడా ఎంతో చూడ్డానికి ఎల్ఎం(ధర ~ రకం) అని రిగ్రెషన్ వేశా. తేజ, 334, 341, 273 నాలుగూ ఉన్నప్పుడు రకాలకు విడివిడిగా లైన్లు వచ్చాయి. తేజ తీసేసి వేరే ఫైలుగా సేవ్ చేసి చదివిస్తే రకం అని ఒకే లైను వస్తోంది.

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం)

మేడం, తేజ ఉన్నంతవరకే ఆ కాలమ్ అక్షరాలు. తేజ పోయాక మిగిలినవన్నీ అంకెలే కదా, ఆర్ వాటిని నిజం అంకెలనుకుంది. మీకు వచ్చిన ఆ ఒక్క లైనుకు అర్థం: రకం నంబరు ఒకటి పెరిగితే ధర ఇంత మారుతుంది అని. 334కూ 341కీ మధ్య ఏడు మెట్లు, 273కూ 334కూ మధ్య అరవై ఒక్క మెట్లు ఉన్నట్టు లెక్క. మిర్చి రకం నంబరుకు అలాంటి అర్థమే లేదు. చదివేటప్పుడే కాల్‌క్లాసెస్ = సీ(రకం = "క్యారెక్టర్") ఇచ్చి, తర్వాత యార్డ్$రకం <- ఫ్యాక్టర్(యార్డ్$రకం) చేయండి. 334తో పోల్చాలంటే రీలెవెల్(యార్డ్$రకం, రెఫ్ = "334").

ఈ నంబర్లతోనే ఇంకోటి: ఒక రకాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుందామని శాంపిల్ వాడితే, జాబితాలో 334 ఒక్కటే మిగిలిన సందర్భంలో శాంపిల్(334) అంటే ఆర్‌కు 1 నుంచి 334 దాకా కలిపెయ్యమని. పదిహేడో నంబరు మిర్చి వస్తుంది. అక్షరాలుగా ఉంచితే ఈ బాధ లేదు.

అడిగినవారు (బ్రాడీపేట)

ధర, సమ్మరైజ్ రెండూ సరిపోయాయి, చాలా థాంక్స్ అండీ. తేదీలు మాత్రం వింతగా ఉన్నాయి. షీటులో 05/03/2024 అని ఉంది. యాజ్.డేట్ వేశాక గ్రాఫ్ కింద సంవత్సరం 0005 అంటోంది. ఎర్రర్ లేదు. ముందురోజుతో మార్పు కోసం ధర - ల్యాగ్(ధర) అంటే అన్నీ సున్నాలే.

జవాబు (విజయవాడ, మొగల్రాజపురం)

ఫార్మాట్ చెప్పకపోతే యాజ్.డేట్ సంవత్సరం-నెల-రోజు వరుసే చూస్తుంది, ముందు అడ్డగీతతో, తర్వాత ఏటవాలు గీతతో. 05/03/2024 రెండోదానికి సరిపోయింది: 05 సంవత్సరం, 03 నెల, 2024లో మొదటి రెండంకెలు 20 రోజు. ఫలితం 0005-03-20. మన పద్ధతిలో రాసిన తేదీల్లో మధ్యది ఎప్పుడూ నెలే కాబట్టి 12 దాటదు, అందుకే ఎర్రర్ రానే రాదు. పైగా 05/03/2023, 05/03/2024 రెండూ ఒకే తేదీ అయిపోతాయి.

యాజ్.డేట్(యార్డ్$తేదీ, ఫార్మాట్ = "%డి/%ఎం/%వై")

డి, ఎం చిన్న అక్షరాలు, వై మాత్రం పెద్ద అక్షరం. చిన్న వై పెడితే 2024లో 20 మాత్రమే చదివి 2020 అంటుంది. 2023 కూడా 2020యే అవుతుంది. అప్పుడూ ఎర్రర్ ఉండదు. చేశాక రేంజ్(యార్డ్$తేదీ) చూడండి, మొదటి తేదీ, చివరి తేదీ షీటుతో కలవాలి.

సున్నాలకు కారణం స్టాట్స్ ప్యాకేజీలోని ల్యాగ్, డీప్లయర్ లోడ్ కాకపోతే నడిచేది అదే. అది విలువలను జరపదు, టైమ్ సిరీస్‌కు కాలం గుర్తును మాత్రమే జరుపుతుంది. మామూలు కాలమ్ మీద వేస్తే విలువలు అలాగే ఉంటాయి, తీసివేస్తే సున్నా. డీప్లయర్::ల్యాగ్ అని పూర్తి పేరుతో రాయండి. దానికి ముందు అరేంజ్(రకం, తేదీ), గ్రూప్_బై(రకం), ఆ తర్వాత మ్యూటేట్. గ్రూప్ మరిచిపోతే 341 మొదటి రోజు ధరలోంచి 334 చివరి రోజు ధర తీసేస్తుంది. ఒకే రోజు ఒకే రకానికి చాలా లాట్లు ఉంటే ముందు రోజుకొక సగటు చేసుకోండి, లేదంటే వచ్చేది లాటుకూ లాటుకూ మధ్య తేడా.

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం)

ల్యాగ్ చూసేది ముందు వరుసను, ముందు రోజును కాదు. యార్డుకు వారాంతం సెలవులుంటాయి, ఎండాకాలంలో వారాల తరబడి మూస్తారు. సెలవుల తర్వాత మొదటి రోజు తేడా ఒక్క రోజుదిగా లెక్కలోకి వస్తుంది. తేదీ - డీప్లయర్::ల్యాగ్(తేదీ) అని ఇంకో కాలమ్ చేసుకుని, అది నాలుగు రోజులు దాటిన చోట మార్పును ఎన్‌ఏ చేయండి. శని, ఆదివారాలకు పండగ ఒకటి కలిసినా నాలుగు దాటదు.

అడిగినవారు (బ్రాడీపేట)

చేశా, రేంజ్ షీటుతో కలిసింది. చివరిది: గ్రాఫ్ శీర్షిక తెలుగులో పెడితే ఒత్తులు విడిపోయి పక్కకు వస్తున్నాయి. ల్యాబ్‌లో అయితే టేబుల్లో తెలుగు బదులు యూ ప్లస్ అంటూ కోడ్‌లు వస్తున్నాయి.

జవాబు (విజయవాడ, పటమట)

ల్యాబ్‌ది పాత విండోస్ ఆర్ తీరు. విండోస్ 10 కొత్త బిల్డ్‌ల మీద 4.2.0 నుంచి యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) నేరుగా వచ్చింది, 3.5.1లో దాంతో కుస్తీ పట్టడం దండగ. తెలుగు ఉన్న పని ఇంటి ల్యాప్‌టాప్‌లోనే చేసుకోండి. ఒత్తులకు ర్యాగ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, జీజీసేవ్‌లో డివైస్ = ర్యాగ్::ఏజీజీ_పీఎన్‌జీ ఇవ్వండి, థీమ్‌లో ఫాంట్ నిర్మలా యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు పెట్టండి. ఆర్‌స్టూడియో ప్లాట్ కిటికీలోనూ సరిగ్గా కనిపించాలంటే గ్లోబల్ ఆప్షన్స్, జనరల్, గ్రాఫిక్స్‌లో బ్యాకెండ్‌ను ఏజీజీ చేయండి. పీడీఎఫ్ డివైస్‌తో మాత్రం ప్రయత్నించకండి, పీఎన్‌జీని 300 డీపీఐలో తీసి రిపోర్టులో అతికించుకోండి.